మొదటి పేజీ చాలు

మా సెంటరుకి ఈసారి నాలుగు స్టార్లు వచ్చాయి. సోమవారం పొద్దున వ్యాను దిగేసరికి గేటు దగ్గర కాపలా అతను కూడా "మబ్రూక్" అని అభినందించాడు. నాకు మాత్రం ముందు ఎక్కడైనా కాసేపు కూర్చోవాలనిపించింది. ఏడేళ్ళుగా ఈ స్టార్ల వెనక పరుగెత్తి ఓపిక అయిపోయింది.

మాది బడే. కాకపోతే చుట్టూ ఎత్తైన గోడ, గోడ మీద కంచె. తప్పు చేసి కోర్టుకెక్కిన పిల్లల్ని ఉంచే చోటది. మస్కట్ శివార్లలో మబేలా దాటాక స్టాఫ్ వ్యాను ఇంకో ఇరవై నిమిషాలు పోతే వస్తుంది. కాపలా, తిండి, పడక అన్నీ సర్కారువి. చదువు ఒక్కటే కాంట్రాక్టు మీద మా కంపెనీకి ఇచ్చారు. ఇక్కడి పిల్లలకి అరబిక్‌లో ఒక విభాగం, బయటి దేశాల పిల్లలకి ఇంగ్లీషులో ఇంకో విభాగం. ఆ రెండో దాంట్లో నేను లెక్కల టీచర్ని. నా పేరు రజిత, ఊరు మెట్‌పల్లి.

ఏడాదికోసారి సర్కారు మూల్యాంకనం వాళ్ళు ఒకటి నుంచి అయిదు దాకా స్టార్లు ఇస్తారు. మూడుకి తగ్గితే కాంట్రాక్టు పోతుంది. కాంట్రాక్టు పోతే పద్నాలుగు మంది స్టాఫ్ వీసాలు పోతాయి. మరి దేన్ని చూసి ఇస్తారు? మా దగ్గర పిల్లలు నలభై రోజులుంటారు, నాలుగు నెలలుంటారు, విడుదలై పోతారు. పబ్లిక్ పరీక్షలూ లేవు, ఫలితాలూ లేవు. అందుకని ఎవరో పెద్దవాళ్ళు కూర్చుని 'గ్రోత్' అని ఒకటి కనిపెట్టారు. వచ్చినప్పుడు ఎంట్రీ టెస్ట్, వెళ్ళేటప్పుడు ఎగ్జిట్ టెస్ట్, రెండింటికీ తేడా ఎంతో అదే మా పనితనం. ఆలోచన మంచిదే. నా చిరాకు దాని మీద కాదు, దాన్ని మేం ఏం చేసుకున్నామో దాని మీద.

తేడా పెరగాలంటే దారులు రెండు. చివరి మార్కులు పెంచడం ఒకటి, దానికి చదువు చెప్పాలి. మొదటి మార్కులు తగ్గించడం ఇంకొకటి, దానికి ఏమీ చెయ్యక్కర్లేదు. మా హెడ్మాస్టరు మొయినుద్దీన్ సారు నేను చేరిన మొదటి వారంలోనే ఈ సంగతి విడమర్చి చెప్పాడు. హైదరాబాదు మనిషి, ముప్పై ఏళ్ళుగా మస్కట్‌లో బడుల చుట్టే తిరిగాడు.

"అబద్ధం రాయమంటలేను మేడమ్. టైమ్ జర తక్కువ ఇయ్యండి, బస్," అన్నాడు.

పేపరు నాలుగు పేజీలు, యాభై మార్కులు. మొదటి పేజీలో మూడో తరగతి కూడికలు, హెచ్చవేతలు. రెండు, మూడు దాటుకుంటూ పోతే చివరి పేజీలో పదో తరగతి బీజగణితం. గంట టైమివ్వాలి. మేం పావుగంట ఇచ్చేవాళ్ళం. అదీ పిల్లవాడు లోపలికొచ్చిన మూడో రోజు, ఇంకా సరిగ్గా నిద్రపోనైనా పోని రోజుల్లో. ఎవడూ మొదటి పేజీ దాటేవాడు కాదు. అందరికీ ఎనిమిదో తొమ్మిదో వచ్చేవి. ఒక్క అంకె కూడా తప్పు వేయలేదు కదా అని నా మనసుకి నేనే సర్దిచెప్పుకునేదాన్ని. మెట్‌పల్లిలో ప్రైవేటు బడిలో ఉన్నప్పుడు పిల్లల మార్కులు పెంచి బతికాను, ఇక్కడికొచ్చి తగ్గించి బతుకుతున్నాను.

ఇలా సాగిపోతుండగా సమీయుల్లా వచ్చాడు.

పదిహేనేళ్ళవాడు. వాళ్ళది కడప జిల్లా. తండ్రి దస్తగిర్ అల్ హైల్‌లో ఒక గ్యారేజీలో కార్ల సొట్టలు తీసే డెంటింగ్ పని చేస్తాడు. పదో తరగతిలోకి అడుగుపెట్టిన కొత్తలో వీడు ఇద్దరు స్నేహితుల్ని ఎక్కించుకుని, గ్యారేజీలో బాగుకొచ్చిన ఎవరిదో కారు తీసుకుని రోడ్డెక్కాడు. రెండు వీధులు తిప్పి, మూడో వీధిలో నడిచిపోతున్న మనిషిని గుద్దాడు. ఆయన కాలు విరిగింది. వీడికి నాలుగు నెలలు పడింది.

మూడో రోజు పేపరిచ్చాను. గడియారం చూసి పావుగంట కాగానే తీసుకోబోతే, అప్పటికే పెన్ను మూసి కూర్చున్నాడు.

"అయిపోయింది మిస్. లాస్ట్ పేజీ కూడా చేసేశా," అన్నాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, కానీ ఆ మాట చెప్పేటప్పుడు కాస్త వెలుగొచ్చింది ముఖంలో. ఇక్కడికొచ్చాక తనకి చేతనైన పని అదొక్కటే దొరికినట్టుంది.

పేపరు పట్టుకెళ్ళి మొయినుద్దీన్ సారుకి చూపించాను. ఆయన పేజీలు తిప్పి, అద్దాలు తీసి, తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"మాషా అల్లా, మంచిగ రాసిండు. గని ఈనికి గ్రోత్ యాడికెల్లి తెస్తం? ఇంగ్లీష్ సెక్షన్ల ఈ ఏడు పదకొండు మందే ఉన్నరు. ఒక్కడు సున్నా తెస్తే మొత్తం కిందికి గుంజుతడు."

"మరి ఏం జేద్దాం సార్?"

"ఇంకో పేపర్ ఇయ్యండి. మొదటి పేజీ చాలు అని చెప్పండి."

నేను పోయి అదే మాట చెప్పాను. ఆ పని నాదే, ఆయన మీదకి తొయ్యను. సమీయుల్లా నా వంక చూసి, "పూర్తిగా చెయ్యొద్దా మిస్?" అని అడిగాడు. "మొదటి పేజీ చాలు నాయనా," అన్నాను. పెద్దవాళ్ళు చెప్పినట్టు వింటే తొందరగా ఇంటికి పంపిస్తారని కొత్తగా వచ్చిన ప్రతివాడికీ నూరిపోస్తారు లోపల. వాడు విన్నాడు. తొమ్మిది మార్కులు వచ్చాయి. నాలుగో తరగతి స్థాయి అని ఫైలులో రాశాను. మొదటి పేపరు చింపడానికి చేతులు రాలేదు. దిద్దనూ లేదు. బీరువాలో అడుగున పడేశాను.

ఫైలులో నాలుగో తరగతి అని ఉన్నాక నాలుగో తరగతి గుంపులోనే కూర్చోబెట్టాలి కదా. కూర్చోబెట్టాను. చిట్టగాంగ్ నుంచి వచ్చినవాడొకడు, ముల్తాన్ వాడొకడు, ఈజిప్టువాళ్ళిద్దరు, వాళ్ళ మధ్యలో వీడు. నెల తిరిగేసరికి వాళ్ళకి ఎక్కాలు వీడే నేర్పుతున్నాడు. నాకూ హాయిగా ఉండేది. ఒకటి రెండుసార్లు టెన్త్ పుస్తకం తెప్పించమని అడిగాడు. "చూద్దాంలే," అన్నాను. చూడలేదు. రోజుకి ఆరు పీరియడ్లు, మధ్యలో తలలు లెక్కపెట్టడాలు, తాళాలు, సంతకాలు. సాయంత్రం వ్యాను ఎక్కేసరికి ఎవరేం అడిగారో గుర్తుండేది కాదు.

విడుదలకి రెండు వారాల ముందు ఎగ్జిట్ టెస్ట్ పెట్టాం. దీనికి గంటంతా ఇస్తాం, మంచినీళ్ళు కూడా ఇస్తాం. ముప్పై ఎనిమిది వచ్చాయి. తొమ్మిది నుంచి ముప్పై ఎనిమిది! మా సెంటరు పుట్టాక అంత గ్రోత్ ఎవరికీ లేదు. ఆ ఒక్క పిల్లవాడి లెక్కతో మూడు కాస్తా నాలుగయింది. మొయినుద్దీన్ సారు హల్వా తెప్పించి అందరికీ పంచాడు. నేనూ తిన్నాను.

మంగళవారం దస్తగిర్ వచ్చాడు. పిల్లల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళు కూర్చునే గదిలో కుర్చీ చివర్న కూర్చుని, నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. చేతికి అంటిన పెయింటు కడిగినా పోలేదు.

"కూసోండి అన్నా," అన్నాను.

"మేడమ్, ఆదివారం మావోణ్ణి వదల్తారు గదా. యాడన్నా ఇస్కూల్లో సీటు ఉన్నట్టు గురువారం లోపల కాగితం తెమ్మన్యారు కోర్టోళ్ళు. లేకుంటే ఇంగ మూడు నెల్లు ఈడనే అంట. పాత ఇస్కూలుకే పోయి మీరిచ్చిన టెస్టు మార్కుల కాగితం సూపిచ్చినా."

"ఏమన్నరు?"

"పెద్దమేడమ్ సూసి నవ్వింది. నాలుగో తరగతి లెక్కలు రానోడు నాలుగు నెలల్లో ఇంత ఎట్లొచ్చినాడు అనింది. మా టీచరమ్మ బాగా చెప్తాది అని చెప్పినా. అది గాదంట. అట్లాంటోడు మా దగ్గర తొమ్మిదిలో అన్ని మార్కులు ఎట్ల తెచ్చుకున్యాడు, కాపీ కొట్టింటాడు అంటాండాది. పదిలోకి తీసుకోరంట. కింద తరగతుల్లో సీట్లే లేవంట."

ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు.

"నేనూ వాణ్ణి అడిగినా మేడమ్. కాపీ కొట్టినావా రా, లోపలికి రాకముందు గూడా మోసమేనా నీ బతుకు అని తిట్టినా. వాడు తల వంచుకుని కూసున్యాడు. ఒక్క మాట మాట్లాడల్యా."

మాట్లాడడు. మా మిస్ మొదటి పేజీ చాలంది అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. నన్ను కాపాడుదామనో, ఎలాగూ నమ్మరనో, నాకు తెలియదు. ఆ తండ్రి ముందు కూర్చోవడానికి సిగ్గేసింది. లెటర్ రాసిస్తానని చెప్పి లేచాను.

రాసిచ్చాను కూడా. చురుకైనవాడు, క్రమశిక్షణ కలవాడు, పదో తరగతికి తగినవాడు అంటూ కంపెనీ లెటర్‌హెడ్డు మీద నిండా పొగడ్తలే. దాంతో గండం గడిచిపోతుందనుకున్నాను. బుధవారం పొద్దున ఎనిమిదింటికల్లా దస్తగిర్ ఫోన్ చేశాడు. లెటర్లు వద్దన్నారట. టెస్టు రికార్డు ఏం చెబితే అదేనట.

బీరువా తీసి, అడుగున వెతికి, ఆ పాత పేపరు పట్టుకుని మొయినుద్దీన్ సారు గదికి వెళ్ళాను. ఆయన చూడగానే గుర్తుపట్టి, లేచి తలుపు వేశాడు.

"ఇది ఇంకా ఉంచిన్రా?"

"ఉంచిన సార్. ఇయ్యాల ఉస్తాదా షంసా వస్తది గదా, ఇది చూపిస్త." ఉస్తాదా అంటే మేడమ్. షంసా మూల్యాంకనం ఆఫీసులో మా సెంటరుని చూసే ఒమానీ అధికారి. స్టార్ల సర్టిఫికెట్టు ఇవ్వడానికి ఆ రోజే రావాల్సి ఉంది.

"పాగల్ అయిన్రా మేడమ్? ఒక్క పేపర్ బయటికి తీస్తే అన్ని తీయమంటది. పద్నాలుగు మంది ఉన్నం. నాకు యాభై ఎనిమిది నిండినయ్, ఇప్పుడు ఎవరు పని ఇస్తరు? ఆడు ఇంకో మూడు నెలలుంటే ఏమైతది? అన్నం పెడ్తున్నం, చెయ్యి లేపుతలేం. సచ్చిపోడు గదా."

"సచ్చిపోడు సార్. నాలుగో ఎక్కం చెప్పుకుంట కూసుంటడు. బయట వాని టెన్త్ పోతది."

చెడ్డవాడు కాదాయన. రంజాన్ నెలలో ప్రతి పిల్లవాడి కోసం ఇంటి నుంచి ఖర్జూరాలు తెస్తాడు. అలసిపోయాడు, అంతే. నేనూ అలసిపోయాను. అలసిపోయినవాళ్ళంతా కలిసి ఒక పిల్లవాడికి ఏం చేయగలరో అది చేసేశాం.

బయటికొచ్చి మా ఆయన గంగాప్రసాద్‌కి ఫోన్ చేశాను. ఖురియాత్ దగ్గర సైట్లో ఉంటాడు, గురువారం సాయంత్రం రూముకొస్తాడు. జరిగింది రెండు ముక్కల్లో చెప్పాను.

"నౌకరి పోతదా?" అన్నాడు.

"పోవచ్చు."

"పోతే పోనియ్యి. పొద్దుగాల ఏమన్న తిన్నవా లేదా?" అన్నాడు. తినలేదు. తిన్నానని చెప్పాను.

పదకొండింటికి షంసా వచ్చింది. అబాయా మీద మెడలో ఐడీ కార్డు, చేతిలో ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్టు. నలభై దాటిన మనిషి, ఒకప్పుడు తనూ లెక్కల టీచరేనట. ఆమె ఇంగ్లీషులో మాట్లాడుతుంది, నిదానంగా, ప్రతి మాటా తూచినట్టు. మొయినుద్దీన్ సారు అరబ్బు కాఫీ కావా పోసి ఖర్జూరం పళ్ళెం జరిపాడు. నేను ఆ పళ్ళెం పక్కనే సమీయుల్లా పేపర్లు మూడూ పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. పావుగంట టైము సంగతీ చెప్పాను.

షంసా కోప్పడుతుందనుకున్నాను. ఆమె కావా కప్పు కింద పెట్టి, "మిగతా పిల్లల అసలు పేపర్లు ఉన్నాయా?" అని మాత్రం అడిగింది.

"లేవు. వాళ్ళు ఒక్కటే రాశారు. పావుగంటలో ఎంతయితే అంత."

"అంటే వాళ్ళకేం వచ్చో ఎవరికీ తెలీదు."

"తెలీదు."

కళ్ళు మూసుకుని కణతలు నొక్కుకుంది. "సరే. దానికి నేను మళ్ళీ రావాలి. ఇవాళ ఈ ఒక్కటీ చూద్దాం. ఈ పేపరు దిద్దలేదేం?"

"దిద్దితే అంకె వేయాల్సి వస్తుందని."

ఆమె తన సంచిలోంచి ఎర్ర పెన్ను తీసి నా ముందు పెట్టింది. అక్కడే, వాళ్ళిద్దరి ముందూ దిద్దాను. మొదటి పేజీ అన్నీ ఒప్పు. రెండో పేజీ అన్నీ ఒప్పు. మూడోదాంట్లో రెండు తప్పులు. చివరి పేజీలో కూడా సగం పైగా ఒప్పే, పావుగంటలో. మార్కులన్నీ కలిపి కూడాను. నలభై ఒకటి.

షంసా అప్పటికప్పుడు పాత బడి ప్రిన్సిపాలుకి ఫోన్ చేసింది. సరిచేసిన రికార్డు ఈ రోజే పంపుతున్నామని, పిల్లవాడు మొదటి నుంచీ పదో తరగతికి తగినవాడేనని, తప్పు సెంటరుదని చెప్పింది. అవతలి నుంచి సరేనన్నారు, రికార్డు చేతికందగానే సీటు కాగితం ఇస్తామన్నారు. నాకు ఒళ్ళు తేలికయింది. నిజం చెప్పేశాను, ఉద్యోగం పోయినా పోనీ అని లోలోపల కొంచెం గర్వం కూడా మొదలైంది. దాచుకోవడమెందుకు, మొదలైంది.

షంసా ల్యాప్‌టాప్ తెరిచి అంకెలు కొట్టింది. కొట్టి ఆగింది.

"వచ్చినప్పుడు నలభై ఒకటి. వెళ్ళేటప్పుడు ముప్పై ఎనిమిది," అంది.

అంతవరకూ ఆ రెండు అంకెల్నీ నేను పక్కపక్కన పెట్టి చూడనేలేదు. నేను అబద్ధం చెప్పానన్న బాధతోనే ఆ గదిలోకి వచ్చాను. చదువు చెప్పలేదన్నది నా బుర్రకే తట్టలేదు. పైగా వచ్చినప్పుడు పావుగంటలో రాశాడు, వెళ్ళేటప్పుడు గంట ఇచ్చాం.

"మార్కులు తగ్గితే కారణం రాయందే ఫారం ముందుకి పోదు," అంది షంసా, ల్యాప్‌టాప్ నా వైపు తిప్పుతూ. కారణం అన్న గడిలో ఎంచుకోవడానికి నాలుగు ఉన్నాయి. అనారోగ్యం. హాజరు తక్కువ. ప్రవర్తన బాగాలేదు. ఇతరం.

మొయినుద్దీన్ సారు అప్పటిదాకా పలకనివాడు కదిలాడు. తెలుగులో, మెల్లగా అన్నాడు. "ప్రవర్తన అని పెట్టండి మేడమ్. ఎప్పుడు అదే పెడ్తం గదా. ఎవరు అడగరు."

నిజమే, ఇదివరకు ఒకరిద్దరికి అదే పెట్టాను. జైలు లాంటి చోట ఉన్న పిల్లవాడి ప్రవర్తన బాగాలేదంటే ఎవరడుగుతారు?

"పిల్లవాణ్ణి పిలవండి," అంది షంసా, ఆయన ఏమన్నాడో అర్థం కాకపోయినా.

గార్డు వెంట సమీయుల్లా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బల్ల మీద తన పేపర్లు చూసి నా ముఖం చూశాడు. నన్ను మందలిస్తున్నారేమోనని భయపడినట్టున్నాడు.

"సమీ, ఫస్ట్ రాసినప్పుడు ఈ చివరి పేజీ లెక్కలు చేసినవ్ గదా. మొన్న ఎందుకు చెయ్యలే?" అని అడిగాను. "ఒంట్లో బాగాలేదా?"

"లేదు మిస్, బాగానే ఉన్నా." కాస్త ఆలోచించాడు. "మర్చిపోయా మిస్. అవి ఇక్కడ చెప్పలేదు కదా."

ఫిర్యాదు కాదది. అడిగారు కాబట్టి చెప్పాడు. నన్ను ఊరడించాలనుకున్నాడో ఏమో, "పర్లేదు మిస్, ఇంటికి పోయాక చూసుకుంటా," అన్నాడు.

షంసాకి ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పాను. ఆమె ల్యాప్‌టాప్‌ని నా వైపు ఇంకాస్త జరిపింది.

'ఇతరం' అన్నదాని మీద నొక్కితే కింద ఖాళీ గీత ఒకటి తెరుచుకుంది. అందులో ఇంగ్లీషులో రాశాను: టీచరు పాఠం చెప్పలేదు. ఆ కింద ఫారం టీచరు పేరు అడిగింది. రజిత అని కొట్టాను.